పేరు లేని పెళ్ళికూతురు

చారిత్రక నవలల్లో మా ఆడపిల్లకు ఒకటే పని అప్పగించారు. ప్రేమించటం. శత్రువు కొడుకు బందీగా వచ్చినా, గాయపడి వచ్చినా, గుర్రం మీద కోటలోకి దూకినా చూడగానే ప్రేమించాలి. తండ్రిని, అన్నను, దీన్‌ను మరిచిపోయి ప్రేమించాలి. తర్వాత అతనికి అతని వాళ్ళ పిల్లతో పెళ్ళి జరుగుతుంటే తన నగలు తీసి ఆ పెళ్ళికూతురికి పెట్టి పక్కకు తప్పుకోవాలి. అట్లా తప్పుకున్న పిల్లను చూసి పాఠకుడు ఎంత మంచి మనసు అనుకుంటాడు. ఆ ఒక్క మెప్పు కోసమే ఆమెను పుట్టించారు.

మేం ముస్లిం ఆడవాళ్ళం. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, చదివిందీ రాసేదీ తెలుగు. ఊరి లైబ్రరీ బీరువాల్లో దొరికిన నవలల్లో మా మొహాల కోసం వెతుక్కున్నాం. మాకు దొరికింది ఆ పిల్లే. లేకపోతే ఆమె తండ్రి. ఎర్రటి కళ్ళు, చేతిలో మధుపాత్ర, పక్క రాజ్యపు ఆడవాళ్ళ మీద చూపు. ఇంతకు మించి మాకు ఇంట్లో మనుషులే లేనట్టు రాశారు. ఆ నవలలు చదివి క్లాసులోకి వచ్చిన తోటి పిల్లలు మమ్మల్ని ఎట్లా చూసి ఉంటారో ఇప్పుడు అర్థమవుతుంది.

పుస్తకాల్లో ఇంకో రకం కథ ఉంది. అవసరం కోసం చేసుకున్న పెళ్ళి కథ. ఇద్దరికీ ముందు పరిచయం ఉండదు. ఒకరికి భూమి కావాలి, ఒకరికి తల దాచుకునే చోటు కావాలి. లేదంటే ఇద్దరు రాజులకు సంధి కావాలి. పెళ్ళి ముందు జరుగుతుంది, ప్రేమ తర్వాత మెల్లగా వస్తుంది. అమెరికాలో పడమటి సరిహద్దుకు వలసపోయిన వాళ్ళ మీద ఇట్లాంటి నవలలు కుప్పలుగా వచ్చాయి. మనకు ఆ దేశం దాకా పోయే పని లేదు. మన దక్కన్‌లోనే ఒక సరిహద్దు ఉంది. దాని మీద ఇట్లాంటి పెళ్ళిళ్ళూ జరిగాయి, వాటి చుట్టూ కథలూ పుట్టాయి. ఆ సరిహద్దు మా ఇంటి పక్కనే ఉంది కాబట్టి దాని గురించి మాట్లాడే హక్కు మాకు ఉందనుకుంటున్నాం.

మేం పాలమూరు వాళ్ళం. మక్తల్ దగ్గర కృష్ణ దాటితే రాయచూరు. 1956 దాకా రెండూ ఒకే హైదరాబాద్ రాష్ట్రం. మా చుట్టాలు సగం అటు, సగం ఇటు. కృష్ణకూ తుంగభద్రకూ మధ్య ఉన్న ఆ నేల కోసం గుల్బర్గా బహమనీలూ విజయనగర రాయలూ తరతరాలుగా కొట్టుకున్నారు. ముద్గల్, రాయచూరు కోటలు ఎన్నిసార్లు చేతులు మారాయో. బడి పుస్తకాల్లో దాన్ని హిందువులకూ ముస్లింలకూ జరిగిన యుద్ధమని చదివాం. ఆ నేలలో పండే పంట, ఆ దారిలో నడిచే వర్తకం, కోట చేతిలో ఉంటే వచ్చే శిస్తు, ఇవేవీ ఆ పాఠంలో లేవు. ఆ కోటలతో పాటు ఇచ్చిపుచ్చుకున్న ఆడపిల్లలు అంతకన్నా లేరు.

ఫెరిస్తా అనే చరిత్రకారుడు ఆ పిల్లల సంగతి రాశాడు. ఆయన బీజాపూర్ ఆస్థానంలో ఉండి 17వ శతాబ్దం మొదట్లో రాశాడు. ఆయన చెప్పిన సంగతి 1406 ప్రాంతానిది, అంటే రెండు వందల ఏళ్ళ ముందుది. ఫిరోజ్ షా బహమనీకీ మొదటి దేవరాయలకూ యుద్ధం జరిగింది. దేవరాయలు ఓడి సంధి అడిగాడు. సంధి షరతుల్లో 10 లక్షల హొన్నులు, 5 మణుగుల ముత్యాలు, 50 ఏనుగులు, ఆటపాటలు నేర్చిన 2 వేల మంది ఆడా మగా బానిసలు ఉన్నారు. వాటితో పాటు రాయల కూతురు. ఆమె వెంట కట్నంగా బంకాపూర్ కోట. పెళ్ళి సంబరాలు నలభై రోజులు జరిగాయట. ఆరు మైళ్ళ దారి పొడుగునా జరీబట్టలు, మఖ్మల్ పరిచారట. ఇన్ని లెక్కలు రాసిన ఫెరిస్తా ఆ పిల్ల పేరు మాత్రం రాయలేదు.

ఆ పెళ్ళితో శాంతి వచ్చిందా అంటే అదీ లేదు. మామ అల్లుణ్ణి గుడారం దాకా సాగనంపకుండా మధ్యదారిలోనే వెనక్కి తిరిగాడని ఫిరోజ్‌కు కోపం వచ్చింది. అవమానం మనసులో పెట్టుకున్నాడు. పదేళ్ళు గడిచాక మళ్ళీ యుద్ధం. ఈసారి పానగల్లు దగ్గర ఫిరోజ్ ఓడిపోయాడు. పుట్టింటి సైన్యం మెట్టినింటి సైన్యాన్ని తరుముతుంటే ఆ కూతురు ఎక్కడ ఉంది? బతికే ఉందా? ఎవరి కోసం ఏడ్చింది? ఆ కాగితంలో దీనికి చోటు లేదు. మామాఅల్లుళ్ళ మర్యాదకు మాత్రం చోటు ఉంది.

ఆ యుద్ధానికే మొదట కారణమని ఫెరిస్తా ఇంకో పిల్ల సంగతి చెప్పాడు. ముద్గల్‌లో ఒక కంసాలి కూతురు. చాలా అందగత్తె. కాశీ నుంచి తిరిగొస్తున్న ఒక బ్రాహ్మడు వాళ్ళింట్లో దిగి, ఆమెకు సంగీతం నేర్పి, విజయనగరం వెళ్ళి రాయలకు ఆమె గురించి చెప్పాడట. రాయలు పెళ్ళికి కబురు పంపాడు. తల్లిదండ్రులు పొంగిపోయారు. పిల్ల వద్దంది. ఆ అంతఃపురంలోకి వెళ్ళిన ఆడది మళ్ళీ కన్నవాళ్ళ మొహం చూడదని ఆమె విన్నది. అందుకే వద్దంది. రాయలు 5 వేల గుర్రాలను పంపాడు. అవి వచ్చేసరికి కుటుంబం ఊరు విడిచి పారిపోయింది. సైన్యం ఆ చుట్టుపక్కల ఊళ్ళను దోచుకుంది. అక్కడ మొదలైంది యుద్ధం. అంతా అయిపోయాక ఫిరోజ్ ఆ పిల్లను పిలిపించి తన కొడుకు హసన్ ఖాన్‌కు ఇచ్చి చేశాడు.

ఈ కథను ఇద్దరు రెండు రకాలుగా చెప్పగలరు. ఒకరు ముస్లిం యువరాజు ఆమెను కాపాడి పెళ్ళి చేసుకున్నాడని మురిసిపోతారు. ఇంకొకరు హిందూ పిల్లను తురకలు ఎత్తుకుపోయారని మండిపడతారు. మాకు ఇందులో ఒక్క మాటే వినపడుతుంది. ఆ పిల్ల ఒకసారి 'వద్దు' అంది. అందుకు కారణం కూడా చెప్పింది. రాజును కాదనటానికి ఆమె చూపిన కారణం మతం కాదు, కులం కాదు, అమ్మానాన్నలను మళ్ళీ చూడనివ్వరని. రెండోసారి, ఫిరోజ్ పిలిపించినప్పుడు, ఆమె ఏమందో ఫెరిస్తా రాయలేదు. అక్కడ ఆమెను ఎవరూ అడిగినట్టు లేదు.

తురక రాజులే ఇట్లా చేశారని అనుకునే వాళ్ళకు మరో పెళ్ళి చూపిస్తాం. 1564లో బీజాపూర్, అహ్మద్‌నగర్ సుల్తానులు పాత పగ పక్కన పెట్టి కలిశారు. అహ్మద్‌నగర్ సుల్తాను హుస్సేన్ నిజాం షా తన కూతురు చాంద్ బీబీని బీజాపూర్ అలీ ఆదిల్ షాకు ఇచ్చాడు. కట్నం షోలాపూర్ కోట. అలీ తన చెల్లెలిని హుస్సేన్ కొడుకు ముర్తజాకు ఇచ్చాడు. మన ఊళ్ళలో దీన్ని కుండమార్పిడి పెళ్ళి అంటారు. చాంద్ బీబీకి అప్పుడు పద్నాలుగేళ్ళు ఉంటాయి. 1565 జనవరిలో రాక్షసి తంగడి యుద్ధం జరిగింది. అంతకు ముందు ఇదే అలీని రామరాయల భార్య కొడుకుగా చేసుకుందని కూడా ఫెరిస్తా రాశాడు. కొడుకూ అల్లుడూ అనే చుట్టరికాలు అవసరాన్ని బట్టి వచ్చాయి, అవసరాన్ని బట్టి పోయాయి. ఇచ్చినవాళ్ళూ పుచ్చుకున్నవాళ్ళూ ఇద్దరూ ముస్లింలే అయిన చోట కూడా పిల్లా కోటా ఒకే పద్దులో పడ్డాయి.

ఇప్పుడు నవలల సంగతికి వస్తాం. 1857లో బెంగాలీలో భూదేవ్ ముఖోపాధ్యాయ్ 'అంగురీయ వినిమయ్' రాశాడు. అంటే ఉంగరాల మార్పిడి. అందులో ఔరంగజేబు కూతురు రోషనార శివాజీకి చిక్కుతుంది, అతన్ని ప్రేమిస్తుంది, చివరికి ఉంగరాలు మార్చుకుని ఇద్దరూ విడిపోతారు. అసలు రోషనార ఔరంగజేబు అక్క, 1617లో పుట్టింది. ఔరంగజేబుకు ఆ పేరుతో కూతురు లేదు. కథకు అవసరమై అక్కను కూతురిని చేసి, పదమూడేళ్ళో ఇంకా ఎక్కువో వయసు తగ్గించి, ప్రేమలో పడేశారు. ఆ రోషనార తెలుగు నాటకరంగం మీదికీ వచ్చింది. ఆ వేషం స్థానం నరసింహారావుకు పేరు తెచ్చింది. ఆయన గొప్ప నటుడు, అందులో సందేహం లేదు. కానీ మా పిల్ల ప్రేమను తెలుగువాళ్ళు మొదట చూసింది అట్లా, మా ఇంటివాళ్ళెవరూ లేని వేదిక మీద.

1865లో బంకించంద్ర 'దుర్గేశనందిని' వచ్చింది. బంకిం నవలలు తెలుగులోకి వచ్చి మన తాతల కాలం నుంచీ చదువుతున్నవే. మేం మొదట చెప్పిన నగలిచ్చే పిల్ల అందులోని ఆయేషానే. కత్లూ ఖాన్ కూతురు. ఖైదీగా వచ్చిన రాజపుత్రుడు జగత్‌సింగ్‌కు సేవ చేస్తుంది, ప్రేమిస్తుంది. అతను తిలోత్తమను పెళ్ళి చేసుకుంటాడు. ఆయేషా నగలు ఆమెకిచ్చి ఇంటికి వచ్చి, విషం ఉన్న ఉంగరాన్ని కందకంలో పారేసి ఒంటరిగా మిగిలిపోతుంది.

ఈ జగత్‌సింగ్ ఎవరు? అంబర్ రాజా మాన్‌సింగ్ కొడుకు. అంబర్ ఇంటి చరిత్ర ఏమిటి? 1562లో భార్మల్ తన కూతురిని అక్బర్‌కు ఇచ్చాడు. 1585లో భగవాన్‌దాస్ కూతురిని సలీంకు ఇచ్చారు. అవన్నీ అవసరం పెళ్ళిళ్ళే. వాటితో రాజ్యం నిలిచింది, పదవులు వచ్చాయి. నిజంగా పిల్లలు ఆ ఇంటి నుంచి మొగలుల ఇంటికి వెళ్ళారు. నవలలో ముస్లిం పిల్ల మనసు ఆ ఇంటి అబ్బాయి వైపు వచ్చింది. చరిత్రలో పోయిందనుకున్న పరువును నవలలో తిరిగి తెచ్చుకున్నారు. పిల్లనిచ్చినవాడు తక్కువ, పుచ్చుకున్నవాడు ఎక్కువ అనే లెక్క రాజులకు ఎట్లా ఉందో నవలాకారులకూ అట్లానే ఉంది. రాజు కోటతో పాటు పిల్లను పుచ్చుకున్నాడు. నవలాకారుడు కాగితం మీద పిల్లను పుచ్చుకున్నాడు.

అవతలి వైపు నుంచి రాసిన వాళ్ళూ ఉన్నారు. మెడోస్ టేలర్ నిజాం సైన్యంలో పనిచేసిన ఇంగ్లీషువాడు, సురపురంలో చాలా కాలం ఉన్నాడు. ఆయన 1863 నాటి నవల 'తార'లో బ్రాహ్మణ పిల్ల అఫ్జల్ ఖాన్ కొడుకును ప్రేమిస్తుంది. 1878లో వచ్చిన 'ఎ నోబుల్ క్వీన్' చాంద్ బీబీ కథ. టేలర్ భార్య హైదరాబాద్‌లో బ్యాంకు నడిపిన విలియం పామర్ ఇంటి పిల్ల. ఆ పామర్ తల్లి ముస్లిం బేగం. అంటే సరిహద్దు మీద కలిసిన ఇల్లు ఆయన కళ్ళారా చూసిందే. అయినా ఆయన నవల్లో కూడా పిల్ల ఎటు నుంచి ఎటు వెళ్ళిందన్నదే కథకు మలుపు. పిల్ల వెళ్ళిన వైపు చూస్తే రచయిత నిలబడిన వైపు తెలిసిపోతుంది.

తెలుగువాళ్ళందరూ ప్రేమగా చూసే 'మిస్సమ్మ' (1955) కూడా అవసరం పెళ్ళి కథే. కోటలూ గుర్రాలూ లేవు, ఉద్యోగం కోసం భార్యాభర్తలమని అబద్ధం చెప్తారు. అతను హిందువు, ఆమె మేరీ. అబద్ధపు కాపురంలో నిజం ప్రేమ పుడుతుంది. మేమూ నవ్వుకుంటూ చూశాం. కానీ చివరికి మేరీ చిన్నప్పుడు తప్పిపోయిన జమీందారు కూతురు మహాలక్ష్మి అని తేలుతుంది. పెళ్ళికి అడ్డు తొలగిపోతుంది. మేరీ మేరీగానే ఉండి పెళ్ళి చేసుకుంటే ఏమయ్యేది? ఆ ప్రశ్న దాకా కథ పోదు. ఆయేషా ఒంటరిగా మిగలాలి, రోషనార విడిపోవాలి, మేరీ మహాలక్ష్మి అవ్వాలి. ఈ మూడు దారులే ఉంచారు. అవతలి పిల్ల అవతలి పిల్లగానే ఇంట్లోకి వచ్చి పొయ్యి ముట్టించే కథ మాకు దొరకలేదు.

మా ఇళ్ళలో పెళ్ళికి 'ముందు ప్రేమ' అనే మాటే తక్కువ. నిఖా అంటే ఒప్పందం. ఒకరు అడగాలి, ఒకరు ఒప్పుకోవాలి, అదే కూర్చోవటంలో, సాక్షుల ముందు. మెహర్ ఎంతో చెప్పాలి. అది పిల్ల హక్కు, తండ్రిది కాదు, అన్నది కాదు. కురాన్ నాలుగో సూరాలో ఆడవాళ్ళ మెహర్ వాళ్ళకు సంతోషంగా ఇవ్వమని ఉంది. షరతులు ఉంటే కాగితంలో రాయించుకోవచ్చు. తోటివాళ్ళు దీన్ని ఎగతాళి చేస్తారు. మీ పెళ్ళి వట్టి కాంట్రాక్టేనటగా అంటారు. మాకు అందులో సిగ్గుపడాల్సింది ఏమీ కనపడదు. బంకాపూర్ కోట ఇచ్చిన సంధి కాగితంలో లేనిది ఇందులో ఉంది. ఇందులో పిల్లను అడగాలి.

అడగాలని ఉంది. అడుగుతున్నారా? ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పాలి.

1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది. అయిదు రోజుల్లో పోలీస్ యాక్షన్ అయిపోయింది. తర్వాత జరిగిన హత్యాకాండలో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. ఎక్కువ దెబ్బతిన్నవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు. మా నానీ గుల్బర్గా జిల్లా పల్లెటూరి పిల్ల. అప్పుడు పదహారేళ్ళు. తండ్రి, పెద్దన్న ఆ రోజుల్లోనే పోయారు. ఆడవాళ్ళంతా రాత్రిళ్ళు బండి కట్టించుకుని మక్తల్ వైపు చుట్టాలింటికి చేరారు. పెళ్ళీడు పిల్ల ఇంట్లో ఉంటే అందరికీ భయం. మూడు రోజుల్లో సంబంధం చూశారు. మా నానా చిన్న కిరాణా కొట్టు మనిషి. భార్య చనిపోయి ఇద్దరు చిన్నపిల్లలున్నారు. పిల్లలకు అన్నం పెట్టే మనిషి ఆయనకు కావాలి. తల మీద కప్పు ఈమెకు కావాలి. మెహర్ 125 రూపాయల హాలీ సిక్కా.

నానీ దగ్గరికి వకీలు, ఇద్దరు సాక్షులు వచ్చి పర్దా ఇవతల నిలబడి అడిగారు. నానీ ఏం చెప్పిందని మేం ఎన్నోసార్లు అడిగేవాళ్ళం. "తల ఊగింది" అనేది. ఊపావా, ఊగిందా అని గుచ్చితే, వెనక కూర్చున్న ఖాలా చెయ్యి ఆమె తల మీద ఉందని చెప్పేది. "క్యా కర్నా బేటీ, వక్త్ వైసాచ్ థా" అని తమలపాకు నమిలేది. ముద్గల్ పిల్ల వద్దు అనగలిగింది. దూరమూ అయిదొందలకు పైగా ఏళ్ళూ ఏమీ అడ్డం రాకుండా మా నానీకి ఆ పిల్ల పక్కనే చోటు ఇవ్వొచ్చు, ఈమెకు ఆ మాట అనే వీలు కూడా లేకపోయింది.

పెళ్ళయిన మరుసటేడు నానా ఒక ఎద్దును అమ్మాడు. ఇద్దరు మనుషులను సాక్షులుగా ఇంటికి పిలిచి 125 రూపాయలు లెక్కపెట్టి నానీ చేతిలో పెట్టాడు. వాళ్ళు వెళ్ళిపోయాక అన్నాడట: "అప్పుడు నిన్ను ఎవరూ అడగలేదు. నేనిప్పుడు అడుగుతున్నా. డబ్బు నీ దగ్గరుంది. ఉంటే ఉండు. పోతానంటే మీ అమ్మ దగ్గర దింపి వస్తా." నానీ ఆ రోజు జవాబు చెప్పలేదట. వారం ఆగి, జొన్నరొట్టె కాలుస్తూ, "పిల్లలు అలవాటయ్యారు" అన్నదట. వాళ్ళిద్దరి మధ్య ప్రేమ మాట అంతే. ఆ తర్వాత నలభై ఏళ్ళు కాపురం చేశారు. నానా జనాజా లేచేముందు ఆడవాళ్ళు ఆచారం ప్రకారం నానీతో "మెహర్ మాఫ్ చెయ్యమ్మా" అన్నారు. "ఇచ్చేసినదాన్ని మాఫ్ చేసేదేముంది" అంది నానీ. అక్కడున్న చాలామంది తలలు దించుకున్నారు. వాళ్ళ మెహర్ వాళ్ళకు ఎన్నడూ ముట్టలేదు.

ఈ కథను ఎవరూ నవల చేయరు. ఇందులో కోట లేదు. యుద్ధం ఉంది కానీ గెలిచిన వీరుడు లేడు. కానీ అవసరం పెళ్ళిలోంచి ప్రేమ ఎట్లా పుడుతుందని ఎవరైనా అడిగితే మాకు తెలిసిన జవాబు ఇదే. అందానికీ సేవకూ పుట్టలేదు. ఆలస్యంగానైనా అడిగినందుకు పుట్టింది, పోవటానికి దారి చూపించి అడిగినందుకు పుట్టింది.

మా ఇళ్ళలో అన్నీ ఇట్లా జరిగాయని చెప్పుకోం. 1991లో హైదరాబాద్ నుంచి ఢిల్లీ పోయే విమానంలో ఒక చిన్నపిల్ల ఏడుస్తుంటే విమాన ఉద్యోగిని ఆరా తీసింది. పక్కనున్న ముసలి అరబ్బు ఆమె భర్తట. దేశమంతా పత్రికలు రాశాయి. అంతకు ముందే 1982లో 'బాజార్' సినిమా మా పాతబస్తీ పిల్లల పెళ్ళి బేరాన్ని చూపించింది. అదీ అవసరం పెళ్ళే. అవసరం తండ్రి ఆకలిది, సుఖం కొనుక్కున్నవాడిది. దాన్ని నిఖా అని పిలిచిన ఖాజీలను మేం క్షమించలేదు. మెహర్ పేరుకు పెట్టి, జోడేకి రఖమ్ అని లక్షలు వసూలు చేసే పెళ్ళిళ్ళూ మా మధ్యే జరుగుతున్నాయి. కోట పోయి మోటారు సైకిలు వచ్చింది. పద్దు అదే. ఈ మాట మేం బయటివాళ్ళ ముందు అంటే ఇంటి పరువు తీశారంటారు. అనకపోతే మీ ఆడవాళ్ళకు నోరు లేదని బయటివాళ్ళంటారు. రెండు మాటల మధ్యే మా సరిహద్దు.

ఇప్పుడు ఆ పాత నవలల నీడ చట్టాల దాకా వచ్చింది. 2020 నవంబర్‌లో ఉత్తరప్రదేశ్ మత మార్పిడి మీద ఆర్డినెన్స్ తెచ్చింది, 2021లో అది చట్టమైంది. ఇంకొన్ని రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. పెళ్ళి కోసం మతం మారితే ఆ పెళ్ళి చెల్లదంటారు. మతం మారకుండా చేసుకుందామంటే 1954 ప్రత్యేక వివాహ చట్టం ఉంది. దానికి ముప్పై రోజుల నోటీసు ఇవ్వాలి, ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. ఆ ముప్పై రోజుల్లో ఇంటివాళ్ళూ ఊరివాళ్ళూ గుంపులూ ఆ పిల్ల కోసం బయల్దేరతారు. రాయల 5 వేల గుర్రాలు ముద్గల్ బయల్దేరినట్టే. ముస్లిం అబ్బాయి వైపు పోయిన హిందూ పిల్ల మోసపోయిందంటారు. హిందూ అబ్బాయి వైపు వచ్చిన ముస్లిం పిల్ల విముక్తి పొందిందంటారు. మా వాళ్ళూ తక్కువ తినలేదు. వచ్చిన పిల్లను దీన్‌లోకి వచ్చిందని ఊరేగిస్తారు, పోయిన పిల్లను చచ్చిందంటారు. పేర్లు మార్చి చదివితే రెండూ ఒకటే. ఎవరూ ఆ పిల్ల నోటి నుంచి వినరు.

అందుకే తెలుగులో చారిత్రక కథలు రాసే మిత్రులను ఒకటి అడుగుతున్నాం. దక్కన్ సరిహద్దు మీద ఇంకా ఎన్నో నవలలు వస్తాయి, సినిమాలూ వస్తాయి. ఖడ్గాలు, ఏనుగులు, కోటలు ఎట్లాగూ ఉంటాయి. మా పిల్లను ప్రేమలో పడేసే ముందు ఆమెకు ఒక అమ్మను ఇవ్వండి, ఒక పనిని ఇవ్వండి, వద్దనే నోరు ఇవ్వండి. మీ పిల్లను మా రాజు అంతఃపురానికి పంపినప్పుడు ఆమెను వట్టి అవమానంగా పంపకండి. ఆమె అక్కడ ఏ భాషలో కల కన్నదో, వంటమనిషితో మొదట ఏం మాట్లాడిందో, పుట్టింటి నుంచి కబురు వచ్చిన రోజు ఏం చేసిందో రాయండి. ఆ ఇంట్లో పుట్టిన పిల్లలే కదా దక్కనీలు. మా ఉర్దూలో ఇన్ని తెలుగు మాటలు, మీ తెలుగులో ఇన్ని ఉర్దూ మాటలు ఎవరి వల్ల వచ్చాయి? దర్బారుల్లో రాసుకున్న సంధుల వల్ల కాదు. వంటింట్లో, బావి దగ్గర, సంతలో, ఉయ్యాల పక్కన వచ్చాయి. ఆ మాటలు మాట్లాడిన ఆడవాళ్ళను మతాల లెక్కలో మీవాళ్ళూ మావాళ్ళూ అని పంచుకోవటం మా చేత కాదు.

మీరు రాయకపోతే మేం రాస్తాం. మొదలుపెట్టాం కూడా. ఫెరిస్తా ముత్యాలను మణుగుల్లో తూచాడు, ఏనుగులను లెక్కపెట్టాడు, పేరు దగ్గర ఖాళీ వదిలాడు. మా కథ ఆ పిల్ల పేరుతో మొదలవుతుంది. ఖాజీ మూడోసారి అడుగుతాడు. ఆమె తల మీద ఎవరి చెయ్యీ ఉండదు.